నల్లగొండ నీళ్లతో కాఫీ కుదరాలంటే

మైసూరులో మా అక్క ఇంట్లో తాగిన కాఫీ నల్లగొండకు వచ్చేసరికి ఎందుకు మారిపోతోందో తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. పొడి ఆమె ఇచ్చినదే, 20 శాతం చికోరీతో (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) నా కళ్ల ముందే మర పట్టించినది. ఫిల్టరు కూడా ఆమె కొనిచ్చినదే. పాలు మాత్రం ఇక్కడి గేదె పాలు, అక్కడి ప్యాకెట్ పాల కన్నా చిక్కనివి. అయినా ఇక్కడ కలిపిన కాఫీ పల్చగా, కొంచెం పుల్లగా ఉండేది. గుటక దిగాక నోట్లో ఏ రుచీ నిలిచేది కాదు. పొడి పాతబడిందేమో అనుకున్నాను. ఫిల్టరు రంధ్రాలు పెద్దవేమో అనుకున్నాను. ఫ్రెంచ్ ప్రెస్ కొన్నాను, కొన్నాళ్లకు మోకా పాట్ కొన్నాను. పరికరం మారినప్పుడల్లా కాఫీ ఎంతో కొంత మారింది కానీ ఆ లోటు తీరలేదు. అన్నీ మార్చి చూశాక, ఒక్కసారి కూడా మార్చనిది ఏమిటా అని వెతికితే వంటింటి మూలన కనిపించింది: 20 లీటర్ల నీళ్ల క్యాను.

మాది చాయ్ ప్రాంతం. నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా పొద్దున లేస్తే పొయ్యి మీద మరిగేది చాయే. కాఫీ అంటే చాలా ఇళ్లలో వేడి పాలలో ఒక చెంచాడు ఇన్‌స్టంట్ పొడి. ఇప్పుడు అరకు గింజలు, చిక్కమగళూరు గింజలు పోస్టులో ఇంటికి వస్తున్నాయి. వాటితో పాటే పరికరాలూ వస్తున్నాయి. ఏది కొనాలి అని నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. పేర్లన్నీ చూసి బెదిరిపోనవసరం లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. పద్ధతులు ఎన్ని ఉన్నా జరిగే పని ఒక్కటే. గింజలో ఉన్నదాన్ని నీళ్లు కరిగించి బయటికి తెస్తాయి. ఏది ఎంత కరిగిందన్నదే రుచి.

కరిగేది ఎంత

వేయించిన కాఫీ గింజ బరువులో నీటిలో కరగగలిగేది సుమారు 30 శాతం. మిగిలినది చాలావరకు పీచు, ఎంత మరిగించినా కరగదు. ఆ 30 శాతాన్నీ పిండుకోవాలని చూడకూడదు. అమెరికాలో 1950లలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అనే శాస్త్రవేత్త చేసిన పని నుంచి ఒక లెక్క స్థిరపడింది: పొడి బరువులో 18 నుంచి 22 శాతం వరకు నీటిలోకి వస్తే ఎక్కువమందికి ఆ కాఫీ నచ్చుతుంది. అంతకన్నా తక్కువ వస్తే పులుపు, ఎక్కువ వస్తే చేదు, వగరు. కారణం కరిగే వరుసలోనే ఉంది. ముందుగా ఆమ్లాలు, తేలికపాటి వాసనలు బయటికి వస్తాయి. వాటి వెనక తీపి, వేయింపు వల్ల పుట్టిన రుచులు. ఆఖరున చేదు, నాలుకను పట్టేసే వగరు.

ఇక్కడే మన ఇళ్లలో ఒక గందరగోళం ఉంది. చిక్కదనం, చేదు ఒకటేనని అనుకుంటాం. గింజలోంచి ఎంత శాతం వచ్చిందన్నది ఒక లెక్క. వచ్చినదాన్ని ఎన్ని నీళ్లలో పరిచామన్నది వేరే లెక్క. చిక్కని కాఫీ చేదుగా ఉండనవసరం లేదు, పల్చని కాఫీ భరించలేనంత చేదుగా ఉండవచ్చు. కాఫీ పల్చగా ఉందని డికాక్షన్‌ను పొయ్యి మీద మరిగిస్తే చిక్కదనం కొద్దిగానే పెరుగుతుంది, సువాసన మాత్రం ఆవిరితో వెళ్లిపోయి చేదు మిగులుతుంది. అదే పొడి మీద రెండోసారి నీళ్లు పోసి తీసే రెండో డికాక్షన్‌దీ ఇదే కథ. మొదటి నీళ్లు తీపిని, పులుపును పట్టుకుపోయాయి, రెండోసారికి దొరికేది ఎక్కువగా వగరే. పొదుపు కోసం పాతకాలంలో చేశారంటే అర్థం చేసుకోగలను. రుచి కోసమైతే, పల్చగా ఉన్న కాఫీకి మందు ఒక్కటే: ఇంకో చెంచా పొడి.

కరగడం ఎంత త్వరగా జరగాలో నిర్ణయించేది మర. పొడి ఎంత సన్నగా ఉంటే నీళ్లకు అంత ఎక్కువ ఉపరితలం దొరుకుతుంది. కొత్తవాళ్లకు నేను వంటింటి డబ్బాలతో చెబుతాను. ఇడ్లీ రవ్వంత ముతకగా ఉంటే ఫ్రెంచ్ ప్రెస్‌కు, చన్నీటి కాఫీకి. పంచదార పలుకంత ఉంటే కాగితపు ఫిల్టరుకు. సన్న ఉప్పంత ఉంటే మన డికాక్షన్ ఫిల్టరుకు, మోకా పాట్‌కు. పిండిలా మెత్తగా ఉంటే టర్కీ పద్ధతిలో కాచే కాఫీకి. ముతక పొడిని రెండు నిమిషాల్లో తీసేస్తే పులుపు, మెత్తని పొడిని అరగంట నాననిస్తే చేదు. అంగడిలో కొన్న ఫిల్టరు కాఫీ పొడిని ఫ్రెంచ్ ప్రెస్‌లో వేసి, గ్లాసు అడుగున బురద పేరుకుందని పరికరాన్ని తప్పుపట్టేవాళ్లను చూశాను. పరికరం మంచిదే, పొడి దానికి తగినది కాదు.

మిక్సీలో గింజలు ఆడించుకోవచ్చా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. ఆడించుకోవచ్చు కానీ మిక్సీ గింజను నలపదు, నరుకుతుంది. కొన్ని ముక్కలు పెద్దవిగా, కొన్ని దుమ్ములా వస్తాయి. పెద్ద ముక్కల నుంచి పులుపు, దుమ్ము నుంచి చేదు, రెండూ ఒకే గ్లాసులో చేరతాయి. ఆపుతూ ఆపుతూ రెండేసి సెకన్లు తిప్పి, పిండి జల్లెడలో జల్లించి, పైన మిగిలినదాన్నే వాడితే ప్రెస్‌కు సరిపోయే పొడి వస్తుంది. చేత్తో తిప్పే మర కొనగలిగితే మరీ మంచిది. నా మాట అడిగితే, డబ్బు పెట్టవలసిన మొదటి వస్తువు ఆ మరే.

నానబెట్టడం, జార్చడం, నెట్టడం

నీళ్లూ పొడీ కలిసే తీరును బట్టి పద్ధతులన్నీ మూడు దారుల్లో పడతాయి. పొడిని నీళ్లలో నానబెట్టి వడకట్టడం మొదటిది. ఫ్రెంచ్ ప్రెస్ ఇదే: లీటరు నీళ్లకు 60 గ్రాముల ముతక పొడి, నాలుగు నిమిషాలు, ఆ తరువాత జల్లెడను కిందికి నొక్కడం. తప్పు జరగడానికి చోటు తక్కువ కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేది దీన్నే. మరిగే నీళ్లలో పొడి వేసి, దించి, మూత పెట్టి, అడుగుకు చేరాక పలుచని గుడ్డలో వడకట్టే పద్ధతి కూడా ఈ కుటుంబానిదే. ఫిల్టరు లేని ఇళ్లలో ఎన్నో ఏళ్లు కాఫీ ఇలాగే తయారైంది. మరిగించడం మానేసి దించాక పొడి వేస్తే, అది ఇప్పటికీ నమ్మదగిన పద్ధతే.

ఎండాకాలానికి చన్నీటి కాఫీ ఉంది. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ చూసే నల్లగొండలో దీని విలువ వేరే చెప్పాలా. ఒక వంతు ముతక పొడికి ఎనిమిది వంతుల చల్లని నీళ్లు, 12 నుంచి 16 గంటలు, తరువాత వడకట్టడం. వేడి లేకపోవడంతో పులుపు, చేదు రెండూ తక్కువగా దిగుతాయి. రాత్రంతా గట్టు మీద వదిలేయమని చెప్పే వంటకాలు చల్లని దేశాలవి. మన గదుల వేడికి అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయి, కాబట్టి మొదటి నిమిషం నుంచి ఫ్రిజ్‌లోనే ఉంచండి.

రెండోది, పొడి మీద నీళ్లు పోసి జారనివ్వడం. జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిటా బెంట్స్ అనే గృహిణి 1908లో రంధ్రాలు చేసిన ఇత్తడి గిన్నెలో కొడుకు నోటుపుస్తకంలోని అద్దుడు కాగితాన్ని పరిచి కాఫీ వడకట్టింది. ఇప్పటి కాగితపు ఫిల్టర్లన్నీ ఆ గిన్నె సంతానమే. 15 గ్రాముల పొడి, 240 మిల్లీలీటర్ల నీళ్లు, మూడు నిమిషాలు. మొదట కొద్దిగా నీళ్లు పోసి అర నిమిషం ఆగితే తాజా పొడి పొంగుతుంది. వేయింపులో గింజలో చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ అలా బయటికి పోతుంది. అసలేమీ పొంగకపోతే పొడి పాతదని అర్థం. కాగితం కాఫీలోని నూనెలను పట్టేస్తుంది, అందుకే ఈ కాఫీ తేటగా ఉంటుంది. ఆ నూనెల్లో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంది, అది రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాచిన కాఫీలో, ఫ్రెంచ్ ప్రెస్ కాఫీలో అది ఎక్కువ, కాగితంలో వడకట్టినదానిలో దాదాపు ఉండదు. రోజుకు మూడు నాలుగు కప్పులు తాగే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఈ ఒక్క కారణానికే కాగితం మేలు.

చికోరీ కలిపిన పొడిని మాత్రం కాగితంలో వేయకండి. అది ఉబ్బి, కాగితాన్ని మూసేసి, నీళ్లను పైనే నిలబెడుతుంది.

మూడోది ఒత్తిడితో నెట్టడం. ఎస్‌ప్రెసో యంత్రం వాతావరణానికి తొమ్మిది రెట్ల దరిదాపు ఒత్తిడితో 25, 30 సెకన్లలో పని ముగిస్తుంది. ఇంటికి అది పెద్ద ఖర్చు, దాని గురించి ఇక్కడ ఇంతే. 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి పేరుతో వచ్చిన మోకా పాట్ మన వంటింటికి దగ్గరిది. అడుగు గదిలో ఆవిరి పట్టి, నీళ్లను పొడి గుండా పైకి నెడుతుంది. ఒత్తిడి తక్కువే కానీ పాలలో కలపడానికి సరిపోయేంత చిక్కన వస్తుంది. పొడిని అణచకూడదు, నీళ్లు అడుగు గదికి ఉన్న చిన్న కవాటం (వాల్వు) దాటకూడదు, మంట చిన్నగా ఉండాలి, గుడగుడ శబ్దం మొదలవగానే దించేయాలి. ఆ శబ్దం తరువాత వచ్చేది మాడు చేదు. మన గ్యాస్ పొయ్యి కమ్మీల మధ్య చిన్న పాట్ నిలవదు, పైన ఒక జాలీ స్టాండు పెట్టుకోవాలి. అల్యూమినియం పాట్ ఇండక్షన్ పొయ్యి మీద వేడెక్కదని కొనేముందే గుర్తుంచుకోవాలి.

మన ఫిల్టరు

ఇన్ని వాడి చూశాక కూడా పాల కాఫీకి నేను తిరిగి వచ్చింది రెండు గిన్నెల స్టీలు ఫిల్టరు దగ్గరికే. దానిలో మూడు దారుల్లో రెండు కలిసి ఉన్నాయి: పొడి నానుతూ ఉంటుంది, నీళ్లు జారుతూ ఉంటాయి. సుమారు 25 గ్రాముల పొడి. దాని మీద 150 మిల్లీలీటర్ల వేడి నీళ్లు. పొడి తన బరువుకు రెండింతల నీళ్లు తాగేస్తుంది కాబట్టి కింద దిగేది 100 మిల్లీలీటర్ల డికాక్షన్. కాగితపు ఫిల్టరులో ఒక వంతు పొడికి పదహారు వంతుల నీళ్లు పోస్తాం, ఇక్కడ పోసేది ఆరు వంతులే. పాలు పోసినా నిలబడే శక్తి అక్కడి నుంచి వస్తుంది. పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు వగరు పదార్థాలను పట్టుకుంటుంది. నల్లగా తాగితే ఘాటుగా అనిపించే డికాక్షన్ పాలలో మృదువుగా మారేది అందుకే. లేత వేయింపు గింజలు నల్ల కాఫీకి ఎంత బాగుంటాయో పాలలో అంత పేలవంగా ఉంటాయి.

పొడి వేశాక గొడుగు లాంటి బిళ్లను మెల్లగా ఆనించాలి. గట్టిగా నొక్కితే నీళ్లు దిగవు, వదులుగా ఉంటే పొడిలో దారి చేసుకుని ఒక్క పక్కనుంచే పరుగెత్తుతాయి. నల్లగొండ సముద్రమట్టానికి సుమారు 420 మీటర్ల ఎత్తున, మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఇంత ఎత్తులో నీళ్లు 98, 99 డిగ్రీల మధ్యే మరుగుతాయి. చల్లని స్టీలు గిన్నె తాకగానే మరికొంత వేడి పోతుంది. కాబట్టి ఫిల్టరుకైతే మరిగిన నీళ్లను ఆగకుండా పోయండి. గాజు, ప్లాస్టిక్ పరికరాలకైతే దించి అర నిమిషం ఆగితే 93, 95 డిగ్రీలకు వస్తుంది, అది చాలు. ఇంకొకటి, మొదట దిగిన చుక్కలే అన్నిటికన్నా చిక్కనివి, అవి అడుగున ఉండిపోతాయి. గ్లాసుల్లో పోసే ముందు డికాక్షన్‌ను ఒకసారి కలిపితే మొదటి గ్లాసుకూ మూడో గ్లాసుకూ తేడా ఉండదు.

చికోరీని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. అది ఒక మొక్క వేరు, ఎండబెట్టి వేయించినది. కెఫీన్ ఉండదు. కాఫీ కన్నా చాలా ఎక్కువగా నీటిలో కరుగుతుంది, డికాక్షన్‌కు నలుపును, ఒక రకమైన జిగిని ఇస్తుంది. నీళ్లు జారే వేగాన్నీ తగ్గిస్తుంది. 20 శాతం వరకు అది కాఫీకి తోడు. 40 దాటితే గ్లాసులో ఉన్నది చికోరీయే. ప్యాకెట్ మీద ఆ శాతం రాసి ఉంటుంది, ధర కన్నా ముందు దాన్ని చదవండి.

నీళ్ల సంగతి

గ్లాసు నల్ల కాఫీలో 98 శాతానికి పైగా నీళ్లే. అయినా కాఫీ గురించి మాట్లాడేటప్పుడు అందరూ ఆఖరున తలచుకునేది నీళ్లను. మన ప్రాంతంలో అలా కుదరదు. ఇక్కడ నీళ్లకు చరిత్ర ఉంది. నల్లగొండ భూగర్భంలోని గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. ఆ రాళ్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచిన బోరు నీళ్లు తాగి తరాల తరబడి ఎముకలు వంగిపోయాయి. నాగ్‌పుర్‌లోని నీరి (NEERI) అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని రూపొందించింది. ప్రపంచమంతటా దాని పేరు ‘నల్లగొండ టెక్నిక్’. ఒక ఊరి పేరు అలా పాఠ్యపుస్తకాలకు ఎక్కడం వెనక ఎంత నొప్పి ఉందో ఇక్కడివాళ్లకు తెలుసు.

ఆ నేపథ్యంలో నేను ఒకే పొడితో, ఒకే ఫిల్టరుతో మూడు నీళ్లను పరీక్షించాను. మర్రిగూడ మండలంలోని మా నాన్న సొంతూరు నుంచి తెచ్చిన బోరు నీళ్లు మొదటివి, రుచి చూసి ఉమ్మేయడానికి మాత్రమే. డికాక్షన్ నల్లగా, చాలా నెమ్మదిగా దిగింది. రుచి చప్పన, సుద్ద నీళ్లలా. దీనికి కారణం ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న మన భూగర్భ జలాల్లో సాధారణంగా కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉంటుంది. ఆ బైకార్బనేట్ కాఫీలోని ఆమ్లాలను చంపేస్తుంది. పులుపు చచ్చిన కాఫీకి ప్రాణం ఉండదు.

రెండోది నా క్యాను నీళ్లు, అంటే ఆర్‌ఓ నీళ్లు. ఆర్‌ఓ ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది, ఆ మేలు చాలా పెద్దది. దానితో పాటు కాల్షియం, మెగ్నీషియం, బైకార్బనేట్‌లను కూడా తీసేస్తుంది. నా క్యాను నీళ్లలో లవణాలు లీటరుకు 30 మిల్లీగ్రాముల లోపే ఉన్నాయి. స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ కాఫీకి తగినవని చెప్పేది 150 దరిదాపు, 75 నుంచి 250 వరకు ఫరవాలేదు. కాల్షియం, మెగ్నీషియం గింజలోని రుచులు నీటిలోకి రావడానికి తోడ్పడతాయి, కాస్త బైకార్బనేట్ పులుపు మొన విరుస్తుంది. ఇవేవీ లేని నీళ్లలో పులుపు సూటిగా గుచ్చుతుంది, నోటికి నిండుదనం మాత్రం ఉండదు. ఏడాదిగా నన్ను వేధించిన లోటు అదే.

మూడోది నల్లా నీళ్లు, మిషన్ భగీరథ కింద వచ్చే కృష్ణా నీళ్లు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించినప్పుడు ఈ నీళ్లు మా వీధికి వస్తాయని నమ్మినవాళ్లు తక్కువ. వచ్చాయి. క్లోరిన్ వాసన పోయేలా మరిగించి పోస్తే డికాక్షన్‌కు ఒక్కసారిగా ఆ నిండుదనం వచ్చింది. ఇప్పుడు నేను రెండు వంతుల నల్లా నీళ్లు, ఒక వంతు ఆర్‌ఓ నీళ్లు కలిపి వాడుతున్నాను. మీ ఇంట్లో ఆ వంతులు వేరుగా ఉండవచ్చు. మూడు నాలుగు గ్లాసుల్లో మార్చి మార్చి చూస్తే నాలుకే చెబుతుంది.

ఒక్క హెచ్చరిక. లవణాలు కొలిచే పెన్ను లాంటి మీటరు చాలా ఇళ్లలో ఉంది. అది మొత్తం లవణాల అంచనా ఇస్తుందే తప్ప ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు. మీటరులో అంకె తక్కువగా ఉందని బోరు నీళ్లను కాఫీకి వాడకండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినవాటిలో అది చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదన్నది మన దేశ ప్రమాణం, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు. అది తెలియాలంటే నీళ్లను ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. చాయ్ ఆకు నేల నుంచి ఫ్లోరైడ్‌ను పీల్చుకుని దాచుకునే రకం, కాఫీ గింజలో అది చాలా తక్కువ. ఇంటి నీళ్ల మీద అనుమానం ఉన్నవాళ్లకు ఇది తెలిసి ఉండటం అవసరం.

లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లు వాడే ఇళ్లలో ఫిల్టరు రంధ్రాలకు తెల్లని పొర పడుతుంది, కాఫీ నూనెలు దాని మీద అంటుకుని ముద్ద కడతాయి. ఇరవై, ముప్పై నిమిషాల్లో దిగవలసిన డికాక్షన్ గంట దాటినా దిగకపోతే, పొడిని మార్చకముందు పై గిన్నెను కిటికీ వెలుతురుకు ఎత్తి చూడండి. చుక్కలు చుక్కలుగా వెలుగు కనబడాలి. కనబడని చోట మూసుకుపోయినట్టు. వేడి నీళ్లలో ఒక నిమ్మకాయ పిండి, స్టీలు గిన్నెను గంటసేపు నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో అడుగు నుంచి రుద్దితే తెరుచుకుంటాయి. ఇత్తడి ఫిల్టరుకు మాత్రం నిమ్మరసం వద్దు, లోపలి కళాయి పోతుంది. దానికి వేడి నీళ్లు, మెత్తని బ్రష్షు చాలు.